సచిత్ర పత్రికల పాత సంచికలు

(సంఘము వారి సాహిత్యగోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వ కార్యాలయములలో ప్రతి ఫైలునకును ఒక ఆయుర్దాయము నిర్ణయింపబడి యుండును. 'ఎ' తరగతి ఫైలును శాశ్వతముగా భద్రపరచి సూక్ష్మచిత్రము కూడ తీయింతురు. 'బి' తరగతి దానిని భద్రపరతురు గాని చిత్రము తీయింపరు. 'సి' తరగతికి కొన్ని యేండ్లు గడువు పెట్టి, గడువు తీరిన పిమ్మట నాశనము చేయుదురు. ఈ సభలో నున్నవారిలో పెక్కురు అట్టి నిర్ణయములపై చేవ్రాలు చేసినవారే. ఆ అధికారులే సాయంకాలము ఇల్లు చేరిన తరువాత, అటకమీది వారపత్రికల కట్ట ఏ తరగతికి చెందునో నిర్ణయింపరు. ఆ నిర్ణయము బదిలీ ఉత్తరువుతో వచ్చును. సామాను లారీలో చోటు చాలదని తేలిన రోజున ఆ కట్ట కబాడీవాని తక్కెడ కెక్కును.

ఈనాటి ప్రసంగమునకు విషయము ఆ కట్టయే. పాత సంచికలు పోగుచేయుట తపాలా బిళ్ళలు పోగుచేయుట వంటి వినోదమని కొందరి యభిప్రాయము. ఆ పోలిక సగమే సరి. తపాలా బిళ్ళను విడుదలైన దినముననే దాచుకొనువారు కలరు. దానికి పట్టికలు కలవు, వెలలు కలవు. వారపత్రికయు వేలకొలది ప్రతులు అచ్చగును. కాని వారము తిరుగగనే దాని పని తీరిపోయినదని ఆ వేల ఇండ్లవారును ఒకే విధముగా తలంతురు. వేల ప్రతులున్నను ఒక్కటియు మిగులకపోవుటకు కారణ మిదియే.

ఢిల్లీలోని తెలుగువారి ఇండ్లలో ఈ నాశనము కొంత ఆలస్యముగా జరిగెడిది. మద్రాసునుండి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సులో వచ్చు సంచిక రెండు మూడు దినములు వెనుకబడి చేరెడిది. దానికొరకు ఎదురుచూచువారు ఒకరు కారు. లోడీ కాలనీలో ఒక ఇంట చందా కట్టినచో ఆ సంచిక సరోజినీ నగరులో బావగారి ఇల్లు చూచి, కరోల్‌బాగులో పిన్నిగారి ఇల్లు చూచి, నెల దాటిన తరువాత, అంచులు నలిగి, వంటింటి పసుపు మరక నొకదానిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చెడిది. పిల్లలు అనేకులు తెలుగు అక్షరములు నేర్చుకొన్నది బడిలో కాదు, చందమామ పుటలమీద. మరియొక ప్రతి కొనుటకు అంగడి లేని ఊరిలో చేతనున్న ప్రతిని పారవేయుటకు మనసొప్పదు. అందువలన ఆంధ్రదేశమున పచారీ కొట్టు చేరి శనగల పొట్లములైన సంచికలే ఇచ్చట ట్రంకు పెట్టెలలో మిగిలినవి.

సచిత్ర పత్రిక అను మాటకు మొదట నున్న గౌరవము నేడు ఊహించుట కష్టము. లండనులో 1842 మే 14వ తేదీన ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ మొదటి సంచిక వెలువడిన నాడు బొమ్మ యనగా కొయ్యపై చెక్కిన బొమ్మ. పిమ్మట హాఫ్‌టోను పద్ధతి వచ్చెను. సన్నని గడులు గీసిన అద్దము గుండ చిత్రమును ఫొటో తీసినచో అది చుక్కలమయమగును. ఆ చుక్కలను లోహపు రేకుపై ఆమ్లముతో తినిపించినచో బ్లాకు సిద్ధమగును. రంగుల చిత్రమునకు పసుపు, ఎరుపు, నీలము బ్లాకులు మూడు వేరువేరుగా అచ్చొత్తవలెను. ఒకటి వెంట్రుకవాసి జరిగినను సీతాదేవికి రెండు ముక్కులు కనబడును. ఈ విద్యలో మన దేశమున అగ్రగణ్యుడు కలకత్తాకు చెందిన ఉపేంద్రకిశోర్ రాయ్. ఆయన 1913లో పిల్లలకొరకు సందేశ్ పత్రికను స్థాపించెను. ఆయన మనుమడు సత్యజిత్ రాయ్ దానిని 1961లో పునరుద్ధరించెను. రామానంద చటర్జీ నడపిన ప్రవాసి, మోడరన్ రివ్యూ పత్రికలలో వంగ చిత్రకారుల వర్ణచిత్రములు నెలనెల వెలువడుచుండగా, తెలుగుదేశమునను అట్టి కోరిక పుట్టుట సహజము.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. 1910 నుండి సంవత్సరాది సంచికలు రాసాగెను. 1914లో మద్రాసునుండి దినపత్రిక, 1924 జనవరిలో భారతి మాసపత్రిక వెలువడినవి. భారతిలో పరిశోధన వ్యాసముల నడుమ దళసరి కాగితముపై అచ్చొత్తిన రంగుల చిత్రము ఒకటి అంటింపబడి యుండెడిది. చిత్రశాలలు లేని ఊళ్ళలో ఆంధ్ర చిత్రకారుని చిత్రమును సామాన్యుడు చూచుటకు అదియే మార్గము. ఆ చిత్రములే తరువాత భారతికి ముప్పు తెచ్చినవి. గోడకు చట్రము కట్టించుకొనుటకు వానిని ఊడదీసికొనని ఇల్లు అరుదు. ఈనాడు భారతి సంపుటము చేతికి దొరికినప్పుడు అనుభవజ్ఞుడు మొదట విషయసూచికను చూడడు. జిగురు మరక మాత్రము మిగిలిన ఖాళీ పుటలెన్నియని లెక్కించును.

ఈ నగరముననే సచివాలయములో పనిచేయు ఒక తెలుగు ఉద్యోగి మూడేండ్లుగా ఒక్క పాత సంచికకొరకు వెదకుచున్నాడు. ఆయన సంగ్రాహకుడు కాడు. పుస్తకప్రియుడని కూడ చెప్పుటకు వీలులేదు. ఆయన తల్లిగారు తెనాలి ప్రాంతపు ఆడపడుచు. ఇరువదేండ్లు నిండకమునుపు, పెండ్లి కాకముందు, ఆమె ఒక కథ వ్రాసి వారపత్రికకు పంపిరి. కథ బొమ్మతో సహా అచ్చయినది. మనియార్డరు కూడ వచ్చినది. తరువాత పెండ్లి, ఢిల్లీ కాపురము, నలుగురు పిల్లలు. మరియొక కథ ఆమె వ్రాయలేదు. దాచుకొన్న సంచిక ఒక వానకాలపు బదిలీలో పెట్టెతో సహా తడిసి ముద్దయినది. ఇప్పుడామెకు ఎనుబదియైదు దాటినవి. నాయనమ్మ చిన్నతనమును గూర్చి మనుమరాలు ఏదో అడుగగా కథ మాట బయటపడెను. కొడుకునకు అంతవరకు ఆ సంగతియే తెలియదు.

ఆమెకు పత్రిక పేరు జ్ఞాపకమున్నది. సంవత్సరము నిశ్చయముగా లేదు. మన్మథయో దుర్ముఖియో అనిరి. కథ పేరు క్రింద అచ్చయినది 'కుమారి' అను మాటతో కూడిన పుట్టింటి పేరు. ఏ గ్రంథాలయపు కార్డులోను, ఏ రచయిత్రుల పట్టికలోను ఆ పేరు లేదు. ఒక్క కథ వ్రాసి పెండ్లితో ఇంటిపేరు మారిన స్త్రీకి సాహిత్యములో చిరునామా ఆ వారపు సంచిక యొక్కటే. అట్టివారు ఆ కాలపు వారపత్రికలలో ఒకరిద్దరు కారు.

సచివాలయోద్యోగి కనుక ఆయన మొదట చట్టము వంక చూచెను. ప్రచురణకర్తలు తమ ఖర్చుపై పుస్తకములను గ్రంథాలయముల కొప్పగింపవలెనను చట్టము 1954లో వచ్చెను. 1956లో దానిని సవరించి వార్తాపత్రికలను కూడ చేర్చిరి. కలకత్తా జాతీయ గ్రంథాలయము, మద్రాసు కన్నెమరా గ్రంథాలయము, బొంబాయి, ఢిల్లీ నగరములలో నిర్ణయింపబడిన గ్రంథాలయములు ఆ ప్రతులకు అర్హములు. కాగితముపై ఈ ఏర్పాటు లోపము లేనిది. అయితే ఆ చట్టము దృష్టిలో వార్తాపత్రిక యనగా ప్రజావార్తలను గాని వానిపై వ్యాఖ్యలను గాని ప్రకటించునది. కథలు, పద్యములు, వంటలు, బొమ్మలు మాత్రమే కల పత్రిక దానిక్రిందికి వచ్చునా రాదా అను ప్రశ్నపై ఒక ఫైలు ఎంత దూరము నడువగలదో ఈ సభకు వివరింప పనిలేదు. 1867 నాటి పత్రికల నమోదు చట్టము స్థానమున 2023లో క్రొత్త చట్టము వచ్చినది. అది రాబోవు సంచికలకే గాని పోయినవానికి ఉపకరింపదు. అదియుగాక పంపుట వేరు, చేరుట వేరు, చేరినదానిని కుట్టించి నిలువయుంచుట వేరు.

కుట్టించుటలో నున్న చిక్కును గూర్చి కొంచెము చెప్పవలెను. గ్రంథాలయము ఆరు నెలల సంచికలను ఒక సంపుటముగా బైండు చేయించును. సంపుటము లావు కాకుండ బైండరు ముఖపత్రములను తీసివేయును. ప్రకటనల పుటలను తీసివేయును. మిగిలినదాని అంచులు సరిచేయు నెపమున తేదీయు పుటసంఖ్యయు ఉన్న పై గీతను కూడ కత్తిరించును. ఇది శ్రద్ధగా చేసిన పని. చేసినవానికి మెప్పు కూడ దొరికినది. కాని వారపత్రికను వారపత్రికగా చూపునవి ఏవో అవన్నియు బైండరు కొట్టులో నేలపాలైనవి.

ఇండ్లలో జరిగినది ఇంకొక విధము. ధారావాహిక నవల నడచుచున్నన్ని వారములు ఇల్లాలు సంచికలను దాచును. నవల ముగిసిన నాడు మధ్యాహ్నము దబ్బనము, మైనము పట్టించిన దారము ముందు పెట్టుకొని కూర్చుండును. ప్రతి సంచికలోనుండి ఆ నాలుగైదు పుటలు మాత్రము విడదీసి, వరుస చేర్చి, కుట్టి, పాత క్యాలెండరును అట్టగా వేయును. మిగిలిన పుటలు బొగ్గుల కుంపటి రాజేయుటకో, అలమారు అరలలో పరచుటకో పోవును. తెలుగు నవలలు కొన్నిటికి పుస్తకరూపము రాని కాలమున వానిని బ్రతికించినది ఈ దబ్బనమే. ఆ ఋణము కాదనరాదు. అయినను నవల మిగిలిన ప్రతి ఇంటను పది కథలు, ఇరువది పద్యములు, ముప్పది బొమ్మలు పోయినవని కూడ చెప్పక తప్పదు. ప్రేమలేనివాడు తూకమునకు అమ్మిన కట్ట ఒక్కొక్కప్పుడు పాత పుస్తకముల బజారులో సమగ్రముగా దొరకును. ప్రేమగలవాడు కత్తిరించినది ఎన్నటికిని అతుకదు.

ఆ ఉద్యోగికి మొదటి ఆనవాలు దొరికినది అట్టి కుట్టు నవలలోనే. 2016లో కేంద్ర మంత్రివర్గము ఢిల్లీలోని ఏడు ప్రభుత్వోద్యోగుల కాలనీల పునర్నిర్మాణమునకు అనుమతి నిచ్చిన సంగతి సభ్యులకు తెలిసినదే. సరోజినీ నగరు, నేతాజీ నగరు, నౌరోజీ నగరులలో ఇండ్లు ఖాళీచేయుట ఆరంభమైనప్పుడు అటకలు దిగినవి. అట్లు దిగిన ఒక పెట్టెలో, మొదటి పుటలు చిరిగి పేరు కూడ తెలియని ధారావాహిక యొకటి ఉండెను. పరిచయస్థుని ఇంట దానిని ఊరక తిరుగవేయుచుండగా ఒక పుట వెనుక భాగమున ఆయనకు తన తల్లి పుట్టింటి పేరు కనబడెను. నవలలో ఆ వారపు భాగము ముగిసిన కాగితము వెనుకనే ఆమె కథ మొదలయ్యెను. పేరు, రెండు కాలములు, క్రింద ఒక సినిమా ప్రకటన. అంతతో ఆ పుట ముగిసెను. తరువాతి పుట నవలకు అక్కరలేనిది గనుక లేదు.

తేదీ లేదు, పై అంచు కత్తిరింపబడినది. తేదీని చెప్పినది ఆ సినిమా ప్రకటన. మాయాబజార్ 27వ తేదీన విడుదల యగునని అందున్నది. ఆ చిత్రము విడుదలైనది 1957 మార్చి 27. ఏ బైండరును, ఏ గృహిణియు దాచదగినదని తలపని ప్రకటనయే ఆ పుటకు జన్మపత్రిక యైనది.

చిరిగిన కాగితమునకు కాలనిర్ణయము చేయుట పాత సంచికల వారికి నిత్యకృత్యము. అందులో వారికి తోడ్పడునవి చిన్న విషయములు. వెల అణాలలో నున్నచో అది సాధారణముగా 1957 ఏప్రిల్ 1వ తేదీకి ముందుది, ఆ దినమున దశాంశ నాణెములు వచ్చినవి గనుక. నయా పైసలలో నున్నచో ఆ తేదీకిని 1964 జూన్ 1వ తేదీకిని నడిమిది. ఆ జూనులో 'నయా' అను మాట తొలగెను. ఆంధ్రరాష్ట్రమని యున్నచో 1953 అక్టోబరు 1 మొదలు 1956 అక్టోబరు చివరి వరకు. మద్రాసు రాష్ట్రమను మాట 1969 జనవరిలో తమిళనాడు అయ్యెను. చిరునామాలో పిన్‌కోడు అంకెలున్నచో 1972 ఆగస్టు 15కు తరువాతిది. ఔషధము తులముల లెక్కన అమ్ముచున్నారా, గ్రాముల లెక్కననా అని కూడ చూతురు. ఇవన్నియు కథలలోను వ్యాసములలోను దొరకవు. అట్టమీద, అట్ట వెనుక, అంచులలో దొరకును.

ఉగాది సంచికల విషయమున ఒక హెచ్చరిక. సంవత్సర నామములు అరువదియేండ్ల కొకమారు తిరిగి వచ్చును. సాధారణ నామ సంవత్సరము 1910లో వచ్చినది, 1970లో మరల వచ్చినది. ముఖపత్రముపై నామము మాత్రము చూచి తాత తీసికొన్న సంచికయని మనుమని కాలపు సంచికను అధిక ధరకు కొన్నవారు కలరు. కాగితము రంగు చూచినచో తెలియునందురు గాని, నాసిరకపు కాగితము ఐదేండ్లకే తాతవలె కనబడును.

ధనవంతులే ఇట్టి సేకరణలు చేయగలరని తలంచుట పొరపాటు. చెట్టినాడులోని కోట్టైయూరున రోజా ముత్తయ్య చెట్టియారు తమిళ గ్రంథములను, పత్రికలను, నాటకముల ప్రకటన కరపత్రములతో సహా పోగుచేసెను. ఆయన వృత్తి అంగళ్ళకు బోర్డులు వ్రాయుట. 1992లో ఆయన మరణించిన తరువాత చికాగో విశ్వవిద్యాలయము ఆ సేకరణను కొని, దేశము దాటింపక, 1994లో మద్రాసుననే పరిశోధన గ్రంథాలయముగా నిలిపెను. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ ఉర్దూ గ్రంథములకును పత్రికలకును అట్టి సేవయే చేసెను. ఆ సేకరణ సుందరయ్య విజ్ఞాన కేంద్రమునకు చేరినది. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన వరదనీరు ఆ కేంద్రములోనికి చొచ్చి పెక్కు గ్రంథములను తడిపినది. ఒకచోట చేర్చుటయే రక్షణ కాదని అందువలన తెలియుచున్నది. వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములలో పాత పత్రికలు నిలిచియున్నవనిన, తరతరముల వారు వానిని విడువక కనిపెట్టుకొని యున్నందువలననే.

తెలుగు సంగ్రాహకులలో అధికసంఖ్యాకులు చందమామ వారు. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలైలో ప్రారంభించిన ఆ పత్రిక తెలుగున ఆరు దశాబ్దములకు మించి నడచి ఆగిపోయినది. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య గారల బొమ్మలకొరకు వెదకువారు దేశదేశములలో నున్నారు. దాసరి సుబ్రహ్మణ్యముగారి సాహస ధారావాహికలు ఆయన పేరు లేకయే ఆ పుటలలో వెలువడినవి. పిల్లలు కథను ఎరిగియుండిరి గాని కథకుని ఎరుగరు. యువ దీపావళి సంచికలకు వడ్డాది పాపయ్య, బాపు గారల చిత్రముల వలన విశేషమైన గిరాకి. మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతియగు వరకు మద్రాసులో వానికి నిలయమది; హైదరాబాదులో ఆబిడ్సు ఆదివారపు బజారు, విజయవాడలో లెనిన్ సెంటరు ఆ పని చేయుచు వచ్చినవి. ఢిల్లీలో దర్యాగంజి కాలిబాటపై 2019 జూలై వరకు ఆదివారములు సాగిన పుస్తకముల సంత తరువాత మహిళా హాటునకు మారినది. అచ్చటి అమ్మకందారు తెలుగు చదువలేడు. సినిమా తార యున్న అట్ట పైకి వచ్చును, భారతి అడుగున బడును. ఓపికగా అడుగున వెదకువానికి చౌకగా దొరకినదియు అందువలననే.

బొమ్మలకొరకు వెదకువారిలో మంచివారు ఎందరో కలరు. బొమ్మను మాత్రమే కోరువారిని గూర్చి మాత్రము మంచిమాట చెప్పుట కష్టము. వారి చేతిలో బ్లేడు ఉండును. గ్రంథాలయపు బల్లవద్ద, పరిచారకుడు అటు తిరిగినప్పుడు, ఒక్క గీత. బయటకు వచ్చునది ఒక చిత్రము. లోపల నష్టమైనది ఆ కాగితము రెండువైపుల నున్న గద్యము.

కాగితమును గూర్చి రెండు మాటలు చాలును. వారపత్రిక అచ్చగు కాగితము కొయ్యగుజ్జుతో చేసినది. దానిలోని ఆమ్లము దానినే తినును, ఎండ తగిలినచో మరింత త్వరగా తినును. నున్నని ఆర్టు కాగితపు పుటలు తడిసి ఆరినచో ఒకదానికొకటి అంటుకొని ఊడిరావు. పిన్నులు తుప్పుపట్టి చుట్టును కాగితమును కొరుకును. మెల్లగా తీసివేసి నూలుదారముతో కుట్టవలెను. సెల్లోటేపు అంటింపరాదు, అది పసుపురంగుకు తిరిగి అక్షరములను మింగును. కలరా ఉండలు పురుగును ఆపును గాని చెమ్మను ఆపవు. ప్లాస్టికు సంచిలో బిగించుట కంటె, గోడకు తగులకుండ, నేలకు జానెడు ఎత్తున, పాత పంచెగుడ్డలో చుట్టి పరుండబెట్టుట మేలు. నిలువుగా నిలిపినచో వారపత్రిక నడుము వంగును.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ శ్రమ ఎందుకనువారున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వారు పాత పత్రికలను తెరపై చదువుటకు వీలగునట్లు చేసిన పని శ్లాఘనీయము. గుంటూరు పోకయే ఢిల్లీలో కూర్చుండి భారతి చదివినవారు వారికి ఋణపడియున్నారు. అయినను బైండు సంపుటమునుండి తీసిన నకలులో బైండరు తీసివేసిన అట్ట తిరిగి రాదు. తెరపైకి ఎక్కవలసిన ప్రతి ముందు ఎక్కడనో ఒక పెట్టెలో సమగ్రముగా ఉండవలెను.

సంచిక తేదీ తెలిసిన తరువాత ఆ ఉద్యోగి సెలవు పెట్టి ఆంధ్రదేశమునకు పోయెను. ఒక పాత గ్రంథాలయమున ఆ ఆరు నెలల సంపుటము దొరకెను. కథ ఉన్నది. మొదటి పుట ఉన్నది; మూడవది, నాల్గవది ఉన్నవి. బొమ్మ యున్న రెండవ పుట స్థానమున కుట్టు దగ్గర వ్రేలి వెడల్పు కాగితపు పట్టీ, నిటారుగా కోసినది, మిగిలియుండెను.

ఆయన దొరకిన పుటలకు నకళ్ళు తీయించి తెచ్చి తల్లిగారి ముందుంచెను. ఆమె కళ్ళజోడు సవరించుకొని మొదటి పుట చదివిరి. తరువాత రెండవ పుట చదివినట్లే, కాగితము లేకయే, లోపించిన భాగమును చెప్పిరి, కొడుకు వ్రాసికొనెను. ఎనిమిది వాక్యములు. తొమ్మిదవదానివద్ద ఆగి మూడవ పుట చేతిలోనికి తీసికొని, అక్కడనుండి చదివి ముగించిరి. కాగితములన్నియు ఒకమారు తిరుగవేసి అడిగిరి.

"బొమ్మ ఏదిరా? అందులో ఆ పిల్ల బావి గట్టు మీద కూర్చుంటుంది. నేను అలా రాయలేదు. ఆయనే వేశాడు, బాగుంది."

ఆ సంచిక మరియొక ప్రతికొరకు వెదకుట సాగుచున్నది. పత్రిక పేరు, కథ పేరు, రచయిత్రి పుట్టింటి పేరు సంఘ కార్యాలయపు ప్రకటన పలకపై వ్రాసియున్నవి. 1957 మార్చి నెలది, వెల అణాలలో ఉండును. సభ్యుల ఇండ్లలో ఆ యేటి వారపత్రికలు ఉన్నచో, కుట్టినవైనను కుట్టనివైనను, పుటలు విడదీయక, అట్టతో సహా తేవలసినదిగా కార్యదర్శిగారు కోరుచున్నారు. చూచిన పిమ్మట ఎవరివి వారికి తిరిగి ఇవ్వబడును.